బోరు లెక్క ఎక్కడ తప్పింది? | పరీక్ష పెట్టని మోడల్‌ను నమ్మొద్దు

ఈ ఎపిసోడ్ మా హుస్నాబాద్ నుంచి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. ఇవాళ నేను చేసిన తప్పు ఒకటి చెప్తా.

జాబ్‌లో ఉన్నప్పుడు సంక్రాంతికి ఇంటికొచ్చిన. యాసంగికి వరి ఎంత వేయాలా అని బాపు ఆలోచిస్తుండు. ఆ ఏడు వానలు మంచిగ పడ్డయి. బాపు చెప్పిన నీటి మట్టాలు ఎక్సెల్‌లో పెట్టి, గీత గీసి, "మూడెకరాలు వెయ్యి బాపూ, ఏం కాదు" అన్న. మార్చి నెలాఖరుకు బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. పొట్టకొచ్చిన ఎకరంన్నర ఎండిపోయింది. బాపు నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగిండు: "నీ లెక్కల పక్కోళ్ల మోటర్లు ఉన్నయా బిడ్డా?"

లేవు.

ఆ మాట ఎంత పెద్దదో తర్వాత అర్థమైంది. మన దగ్గర కింద ఎక్కువగా గ్రానైట్ రాయి. నీళ్లు పైన మొరం పొరలో, దాని కింద పగుళ్లలో ఉంటయి. హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి ఇట్లాంటి నేలనే ఏళ్ల తరబడి కొలిచిండ్రు. నీటి మట్టం దిగినప్పుడు ఆ రాయి వదిలే నీళ్లు సగటున 1.4 శాతమే అని తేలింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మట్టం ఒక మీటరు దిగితే ఎకరానికి వచ్చేది సుమారు 57 వేల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరానికి సుమారు 48.6 లక్షల లీటర్లు. మడి నుంచి కొంత మళ్లీ ఇంకుతది, నిజమే. అయినా ఎకరం వరి తన కింది నీళ్లతోనే పండదు. చుట్టుపక్కల చేన్ల కింది నీళ్లను కూడా లాగుతది. పక్కోళ్ల మోటరూ అదే పని చేస్తది.

అందుకే భూగర్భజలాల మోడల్ ఎవరు చేసినా మూడు పనులు తప్పవు.

ఒకటి, ముందు కాగితం మీద బొమ్మ గీయాలి. నీళ్లు ఎక్కడ ఇంకుతున్నయి, ఎటు పోతున్నయి, ఎవరెవరు తోడుతున్నరు? మాడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్ 1980ల నుంచి ఉంది, ఫ్రీగా దొరుకుతది. కానీ అది కూడా ఇవే అడుగుతది. తప్పు చెప్తే తప్పునే రంగుల మ్యాపులో అందంగా చూపిస్తది.

రెండు, మోడల్‌ను కొన్ని ఏండ్లతో సరిచేసి, దానికి చూపించని ఇంకో ఏడాదితో పరీక్ష పెట్టాలి. అది కరువు ఏడాది అయితే ఇంకా మంచిది. కోడింగ్ చేసేటోళ్లకు ఇది తెలిసిందే. నేను ఆఫీసులో రోజూ చేసి, ఇంట్లో మర్చిపోయిన.

మూడు, ఒకే అంకె చెప్పొద్దు. "ఇంత నుంచి ఇంత" అని చెప్పి, తక్కువ అంకెకే ప్లాన్ చేయాలి. ఊరి తాగునీటి ప్లాన్‌కూ ఇదే రూల్. వానలు సరిగ్గా పడని ఏడాది మే నెలలో నిలబడితేనే అది ప్లాన్.

ఇది పెద్ద చదువులోళ్ల పనే అనుకోకండి. 2000ల దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన ప్రాజెక్టులో రైతులే వాన కొలిచిండ్రు, బోరు మట్టాలు రాసిండ్రు. రబీకి ముందు అందరూ కూర్చొని నీటి బడ్జెట్ వేసుకున్నరు. ఏ పంట వేయాలో ఎవరికి వాళ్లే తేల్చుకున్నరు.

మీరు చేయగలిగేది: మోటర్ లేని పాత బోరు ఒకటి చూసుకోండి. నెలకోసారి, పొద్దున చుట్టుపక్కల మోటర్లు ఆన్ కాకముందు, టేపుతో మట్టం కొలిచి ఫోన్‌లో రాసుకోండి. కొలిచినంక మూత గట్టిగా బిగించండి, పిల్లలు తిరిగే చోటు.

ఇప్పుడు మా ఇంట్లో కొలిచినంకనే నాటు. వరి ఎకరమే, మిగతాది మక్క. మొన్న బాపు ఫోన్ చేసి మట్టం చెప్పిండు. పక్కోళ్ల బోరుది కూడా చెప్పిండు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.