ముద్దుకు ఏడు పరీక్షలా?
(వార్షికోత్సవ సభలో ఉచిత వైద్య శిబిరం డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మాట్లాడతానంటే కార్యదర్శిగారు తటపటాయించారు. "పెద్దలుంటారు డాక్టర్‌సాబ్, కాస్త మెత్తగా" అన్నారు. మెత్తగానే చెబుతాను. మన శిబిరంలో అందరూ వెళ్లేదాకా ఆగి, ఆఖరున తలుపు దగ్గరకు వేసి కూర్చునే కుర్రాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి ఉన్నది జబ్బు కాదు, భయం.

ఆమధ్య ఒక అబ్బాయి వచ్చాడు. గల్ఫ్ వీసా ప్రయత్నంలో ఉన్నాడు. స్నేహితులతో పొరుగూరు వెళ్లినప్పుడు ఒక స్త్రీతో ముద్దుల దాకా వెళ్లి, భయపడి లేచి వచ్చేశాడు. జరిగింది అంతే. తర్వాత నాలుగు నెలల్లో ఏడుసార్లు హెచ్ఐవి పరీక్ష. ఏడూ నెగటివే. అయినా గొంతు మంట, నాలుక మీద తెల్లపూత, బరువు తగ్గడం. బరువు తగ్గిన మాట నిజమే. అన్నం మానేస్తే తగ్గదా? గల్ఫ్ మెడికల్‌లో బయటపడుతుందని దానికీ వెళ్లలేదు, కుదిరిన సంబంధమూ ఆపించాడు. 'గుప్తరోగాలు, ఫలానా లాడ్జి, ఫలానా రూం' అని గోడల మీద రాస్తారే, అక్కడ పన్నెండు వేలు సమర్పించుకున్నాడు. లేని జబ్బుకు వైద్యం చేసేవాడికి మందు పనిచేయలేదన్న బాధే ఉండదు!

తాకినందువల్ల, కౌగిలింత వల్ల, ముద్దు వల్ల, కలిసి తిన్నందువల్ల హెచ్ఐవి రాదు. చెమట, లాలాజలం ద్వారా అది అంటుకోదు. అలాగని అన్నీ ఒక్కటి కావు. పెదవి మీద పుండు ఉంటే హెర్పిస్, అరుదుగా సిఫిలిస్ ముద్దుతో కూడా అంటుకోవచ్చు. పుండో, స్రావమో, మూత్రంలో మంటో కనిపిస్తే ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధుల క్లినిక్కుకు వెళ్లండి, లాడ్జికి కాదు. సిఫిలిస్, గనేరియా మందుతో నయమయ్యేవే.

నిజంగా కండోమ్ లేని కలయిక జరిగితే? అప్పుడు సిగ్గుపడుతూ కూర్చోవద్దు. 72 గంటల లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, డాక్టరును కలిస్తే హెచ్ఐవి రాకుండా 28 రోజుల మందులున్నాయి. పరీక్షకూ ఒక సమయం ఉంది. మర్నాడే చేయిస్తే ఏమీ తేలదు. ల్యాబ్‌లో రక్తనాళం నుంచి తీసిన రక్తంతో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు, మామూలు రాపిడ్ పరీక్ష మూడు నెలలకు తేల్చి చెబుతాయి. ఆ తర్వాత, మధ్యలో కొత్తగా ఏమీ జరగకపోతే, మళ్లీ మళ్లీ సూది పొడిపించుకోనక్కర్లేదు.

ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. మీ అనుమతి లేకుండా చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం ఉంది. 1097కు ఫోన్ చేసి అడగవచ్చు, డబ్బు పడదు.

ఆ అబ్బాయి ఎనిమిదో పరీక్ష రాయమన్నాడు. నేను రాయలేదు. "నీ రక్తంలో ఏమీ లేదు బేటా, నిద్రలేదు" అన్నాను. జరిగింది మొదటిసారి నోరు విప్పి చెప్పింది నాకేనట, చాలాసేపు ఏడ్చాడు. చేసింది తప్పనిపిస్తే దానికి తౌబా ఉంది, రక్తపరీక్ష దాని పని చేయదు. నెగటివ్ అని తేలాక కూడా భయం వదలకపోతే అది మనసుకు పట్టిన జబ్బు, దానికీ వైద్యం ఉంది. టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు ఊరికే చిక్కిపోతుంటే సంబంధాలు చూడటం కాసేపు ఆపి, ఏమైందని అడగండి. మన శిబిరంలో ఆఖరి మనిషి వెళ్లేదాకా నేను ఉంటాను. చీటీ మీద పేరు రాయించనక్కర్లేదు.