చక్రం మీది నల్లపొడి

విజయదశమి వచ్చిందంటే మన వీధుల్లో కార్లన్నిటికీ తలంట్లే. పైభాగం నాలుగు బకెట్ల నీళ్లకు తళతళలాడుతుంది. ముందు చక్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోతుంది. అల్లాయ్ వీల్ ఆకుల సందుల్లో, అంచు లోపల, నల్లటి పొర ఒకటి పట్టి ఉంటుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది గాని పొర వదలదు. రోడ్డు దుమ్మేలే అనుకుని చాలామంది గిన్నెలు తోమే ఇనుప పీచు అందుకుంటారు. ఆ పీచు చేతిలోకి తీసుకునే ముందు వినవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఆ పొడి బ్రేకుల నుంచి రాలింది. వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాన్ని ఆపాలంటే ఆ వేగంలో ఉన్న శక్తినంతా ఎక్కడో ఒకచోట దించెయ్యాలి. లెక్క కడితే అది సుమారు 139 కిలోజౌళ్లు. ఒక లీటరు నీళ్లను 33 డిగ్రీల మేర వేడెక్కించడానికి అది చాలు. అంత వేడీ నాలుగైదు సెకన్లలో పుట్టేది ఎక్కడంటే, చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప డిస్కుకూ, దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టే ప్యాడ్లకూ నడుమ. నొక్కిన ప్రతిసారీ డిస్కు కాస్త, ప్యాడు కాస్త అరుగుతాయి. సానపట్టే చోట కత్తీ రాయీ రెండూ అరిగి రజను రాలినట్టే ఇదీను. అందుకే ఆ పొడిలో ఎక్కువ పాలు ఇనుమే.

మిగతాది ప్యాడ్ లోని సరుకు. ఒక్క ప్యాడ్‌లో ఎన్ని రకాలు కలుపుతారో వింటే ఆశ్చర్యం వేస్తుంది. అన్నిటినీ పట్టి ఉంచే రెసిన్, బలానికి ఉక్కు పీచులు, రాపిడి సాఫీగా సాగడానికి గ్రాఫైటు, పట్టు కోసం గరుకైన అల్యూమినా పొడి, వేడికి చెక్కుచెదరని ముగ్గురాయి. ముగ్గురాయి, అంటే బెరైటీస్, కడప సీమ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. అక్కడ తవ్విందాంట్లో చాలా భాగం చమురు బావుల పనికి పోతుంది. ఆ జాతి ఖనిజమే మన కాలి కింది బ్రేకులోనూ ఉంటుంది.

ఒకప్పుడు ప్యాడ్లలో, డ్రమ్ము బ్రేకుల లైనర్లలో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, కలిపేవారు. దాని గనులు పులివెందుల ప్రాంతంలోనూ ఉండేవి. రాతినార ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ వస్తుందని తేలాక చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. పాత బండి లైనర్లలోనో, ఏ కంపెనీదో తెలియని చౌక సరుకులోనో అది ఉండే అవకాశాన్ని కొట్టిపారెయ్యలేం. అందుకే షెడ్డులో డ్రమ్ము విప్పి గాలి పైపుతో ఫూమని ఊదేస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పొడిని రోజూ పీల్చేది పక్కన కూర్చుని స్పానర్ అందించే కుర్రాడు. రాతినార లేకపోయినా ఇంత సన్నటి లోహపు పొడి ఎవరి ఊపిరితిత్తులకూ మంచిది కాదు. తడిపి తుడవమని చెప్పండి. ముక్కుకు మాస్కు కట్టుకోమని చెప్పండి. బండి మనది కాబట్టి ఆ మాట చెప్పే హక్కు మనకుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చక్రం కడిగే ముందు ఒక్కసారి కారు చుట్టూ తిరిగి నాలుగు చక్రాలనూ పోల్చి చూడండి. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందుకు వాలుతుంది కనుక ముందు చక్రాలకే పని ఎక్కువ, పొడీ ఎక్కువే. పైగా మన దగ్గర చాలా కార్లకు వెనక డ్రమ్ములే. వాటి పొడి చాలావరకు డ్రమ్ము లోపలే ఉండిపోతుంది. కాబట్టి ముందు నలుపు, వెనక తెలుపు అయితే కంగారు పడక్కర్లేదు. చూడవలసింది కుడి ఎడమల తేడా. రెండు ముందు చక్రాల్లో ఒకటి మరీ నల్లగా ఉంటే ఆ వైపు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పట్టేసి ఉండవచ్చు. పెడల్ మీద కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలడం లేదన్నమాట. కాస్త దూరం నడిపి ఆపాక చెయ్యి దగ్గరగా పెడితే, తాకకుండానే, ఆ చక్రం రెండోదానికంటే ఎక్కువ సెగ కొడుతుంది. మైలేజీ కూడా పడిపోతుంది. ఒక చక్రం మరీ శుభ్రంగా ఉన్నా సంతోషించకూడదు. ఆ బ్రేకు సరిగా పట్టడం లేదేమో చూపించాలి. ఇక పొడి పొడిగా ఉండకుండా జిడ్డుగా, తడిగా అంటుకుని ఉంటే బ్రేక్ ఆయిలో, గ్రీజో కారుతోందని అనుమానించాలి. ఆ బండిని ముందు మెకానిక్ దగ్గరికే తీసుకుపోవాలి. వాటర్ సర్వీసింగ్‌లో చక్రాలను ముందే కడిగేస్తే ఈ ఆనవాళ్లన్నీ నీళ్లలో కలిసిపోతాయి.

పొడి అంత మొండిగా ఎందుకు పడుతుందంటే, అది వేడివేడిగా, కరుకు అంచులతో వచ్చి చక్రం పైపూత మీద పడుతుంది. మంచు తగిలినా, వాన తగిలినా అందులోని ఇనుము తుప్పుపట్టి పూతలోకి దిగుతుంది. తెల్లటి కార్ల తలుపుల కింద కనిపించే నారింజ రంగు చుక్కలకూ తరచుగా ఇదే కారణం. వారం పది రోజులకోసారి కడిగితే మామూలు కారు షాంపూకే పోతుంది. నెలల తరబడి వదిలేస్తేనే తంటా.

కడిగేటప్పుడు చక్రం పూర్తిగా చల్లారాలి. ఘాట్ దిగి వచ్చిన వెంటనే కాలే డిస్కు మీద చన్నీళ్లు కొడితే డిస్కు వంకరపోవచ్చు, పగుళ్లివ్వవచ్చు. పొడిగా ఉన్నప్పుడు తుడవకూడదు. ముందు నీళ్లు బాగా కొట్టి, ఆ తర్వాత మెత్తటి బ్రష్షుతో సందులు రుద్దాలి. చక్రాలకు వేరే బకెట్, వేరే గుడ్డ ఉంచుకోండి. అదే గుడ్డతో తలుపు తుడిస్తే ఇనుప రజను పెయింటు మీద గీతలు గీసేస్తుంది. ఇనుప పీచు అసలే వద్దు. ఆసిడ్ మరీ వద్దు. అది చక్రం పూతను తినేస్తుంది, చేతినీ వదలదు.

మొండి మచ్చలకు ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది. అది చల్లిన రెండు మూడు నిమిషాలకు చక్రం మీద ఊదారంగు ధారలు కడతాయి. రంగు భయపెట్టినా అది ఇనుము కరుగుతున్నందుకు గుర్తు. అందులోని తయోగ్లైకొలేట్ బ్యూటీ పార్లర్లలో జుట్టు ఉంగరాలు తిప్పడానికి వాడేదే, అందుకే ఆ ఘాటు వాసన. చేతికి తొడుగు వేసుకుని, నీడలో చల్లి, ఆరకముందే కడిగెయ్యాలి. చక్రానికి మైనం పూయవచ్చు గాని డిస్కు మీద మైనం, టైరు పాలిష్ ఒక్క చుక్క పడకూడదు. బ్రేకు జారుతుంది. కడిగాక మెల్లగా నడిపి రెండు మూడు సార్లు బ్రేకు వేస్తే డిస్కు ఆరుతుంది.

చక్రానికి అంటుకున్నది మన కంటికి కనిపించేది. మిగతా పొడిలో చాలా భాగం గాలిలోకీ, వాన నీటితో కాలవల్లోకీ పోతుంది. ప్యాడ్లలోని రాగి నీళ్లలో కలిసి సాల్మన్ చేపల వాసన శక్తిని దెబ్బతీస్తోందని తెలిసి, కాలిఫోర్నియా 2010లో చట్టం చేసింది. దాని ప్రకారం ప్యాడ్లలో రాగి 2021 నుంచి 5 శాతానికి, 2025 నుంచి అర శాతానికి మించకూడదు. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన యూరో 7 నియమాలు పొగ గొట్టంతో ఆగలేదు. కిలోమీటరుకు ఇంత బ్రేకు పొడి మించకూడదని హద్దు పెట్టాయి. 2026 నవంబరు నుంచి కొత్త మోడళ్లకు అది వర్తిస్తుంది. చాలా కార్లకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3.

మన చేతిలో, అంటే మన కాలిలో ఉన్నదీ కొంత ఉంది. తిరుమల కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలి బ్రేకు తొక్కిపట్టే వాళ్లను చూస్తే భయం వేస్తుంది. పొడి మాట తర్వాత. డిస్కు వందల డిగ్రీలకు కాలి బ్రేకు పట్టే తప్పుతుంది. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఊళ్లోనూ సిగ్నల్ దూరాన ఎర్రగా కనబడగానే కాలు తీసేస్తే చాలు. విద్యుత్ కార్లలో మోటారే వేగాన్ని తగ్గించి బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది కనుక పొడి బాగా తక్కువ. అయితే పని లేని డిస్కులు తుప్పుపడతాయి. ఆ కార్లు నడిపేవారు ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, అప్పుడప్పుడు బ్రేకు కొంచెం గట్టిగానే వేస్తుండాలి.