అర్జీ సగంలో ఆపకండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. విదేశీ చట్టాల గురించి మాట్లాడటానికి నాకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. ఒక్కటే అర్హత. ఆ వ్యవహారంలో నా తప్పు ఒకటుంది. దాన్ని చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక జూన్ నెలలో, ఒక తోటమాలిక తన కొడుకును బడిలో చేర్చటానికి తీసుకొచ్చాడు. పేరేమిటంటే ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు. వరండా నిండా పిల్లలు, తల్లిదండ్రులు. "ఇంటిపేరు షేక్ కదా" అని అడిగి వ్రాయవలసినవాణ్ణి, అడగలేదు. అడ్మిషన్ రిజిస్టరులో ఆ ఒక్క ముక్క వ్రాసి, పక్క వాడి పేరు అడిగాను. ఆ ఒక్క ముక్కే పదో తరగతి సర్టిఫికెట్లోకి పోయింది, అక్కణ్ణుంచి డిగ్రీలోకి, పాస్‌పోర్టులోకి. పాస్‌పోర్టులో ఇంటిపేరు అన్నచోట ఖాళీ. ఆ ఖాళీతోనే పిల్లవాడు చదువుకోసం కెనడా వెళ్ళాడు. చదువయ్యాక ఉద్యోగం వచ్చింది, శాశ్వత నివాసం కూడా వచ్చింది.

శాశ్వత నివాసం అంటే ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. కానీ ఓటు లేదు, ఆ దేశపు పాస్‌పోర్టు లేదు. అవి కావాలంటే పౌరసత్వానికి అర్జీ పెట్టాలి. మనవాడు అర్జీ మొదలుపెట్టాడు గానీ, రెండేళ్ళపాటు ముగించలేదు. కారణాలు రెండు. ఒకటి పేరు. మధ్యలో పాస్‌పోర్టు మార్చుకున్నప్పుడు ఇంటిపేరు చేర్పించాడు. ఇప్పుడు పాత కాగితాల్లో ఒక మనిషి, కొత్త కాగితాల్లో ఇంకొక మనిషి. రెండో కారణం తండ్రి. ఆయనకు రెండెకరాల రసాల తోట ఉంది. ఒకరోజు నమాజు అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "మాస్టర్‌సాబ్, వాడు ఆ దేశం వాడైపోతే నా తోట సర్కారుపాలవుతుందట గదా?" అన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. కొడుకుతో ఆ మాట అనలేక లోలోపల కుమిలిపోతున్నాడు. తండ్రి బాధ పసిగట్టి కొడుకు అక్కడ అర్జీ ఆపేశాడు. ఒకరినొకరు అడుగుకోలేదు!

అప్పుడు నేను తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను.

కెనడాలో పౌరసత్వం అడగాలంటే, అర్జీకి ముందు ఐదేళ్ళలో 1,095 రోజులు ఆ గడ్డమీద ఉండి ఉండాలి. శాశ్వత నివాసం రాకముందు చదువుకో, ఉద్యోగానికో ఉన్న రోజు ఒక్కొక్కటి అరరోజు కింద లెక్క. అలా కలిసేది 365 రోజులకు మించదు. మనవాడు తల్లికి జబ్బు చేసి ఇక్కడికొచ్చి నాలుగు నెలలున్నాడు. ఆ రోజులు లెక్కలోకి రావు. కాబట్టి ఊరికి వచ్చిన తేదీ, పోయిన తేదీ ఎప్పటికప్పుడు ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. 18 నుంచి 54 ఏళ్ళ వయసువారికి పరీక్ష ఉంటుంది. 20 ప్రశ్నల్లో 15 సరిగ్గా వ్రాయాలి. అమెరికాలో అయితే సాధారణంగా గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు కావాలి. అందులో సగం కాలమైనా అక్కడే ఉండాలి.

ఇక మన చట్టం. కెనడావారు పాత పౌరసత్వం వదులుకోమని అడగరు. రెండు పడవల మీద కాళ్ళు వద్దన్నది మన చట్టమే. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఆ తరువాత మన పాస్‌పోర్టు అప్పగించి రసీదు తీసుకోవాలి. దాన్ని దాచుకుని వాడటం నేరం. పాస్‌పోర్టు అప్పగించాక ఓ.సి.ఐ. కార్డుకు అర్జీ పెట్టుకోవాలి. ఈ కార్డు 2005 నుంచి ఉంది. అది ఉంటే జీవితాంతం వీసా లేకుండా రావచ్చు. ఓటు మాత్రం ఉండదు. ఇంకొక సంగతి మన కుటుంబాలు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. తల్లిదండ్రులుగానీ, తాత ముత్తాతలుగానీ పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఆ కార్డు ఇవ్వరు. అటువైపు సంబంధాలున్నవారు ముందే విచారించుకోవాలి.

మరి తోట? తోట ఎక్కడికీ పోదు. విదేశీ పౌరుడైన ఓ.సి.ఐ. మనిషి ఇక్కడ సాగుభూమి, తోట కొనటానికి వీల్లేదు. దానంగా పుచ్చుకోవటానికీ వీల్లేదు. కానీ వారసత్వంగా వస్తే అతనిదే. అమ్మదలిస్తే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. కొనటానికి లేదన్న నిబంధన భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉంటున్నవాడికి కూడా ఉన్నదే! కాబట్టి పౌరసత్వం మారినందువల్ల తండ్రి తోట విషయంలో కొత్తగా వచ్చే నష్టం దాదాపు లేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆ పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఈ ఏడు రసాలు బాగా దిగాయి, వాడికి పంపించే దారి ఏమైనా ఉందా?" అన్నాడు.

ఇక పేరు సంగతి. రిజిస్టరు నకలు కావాలని పిల్లవాడు నాకు వ్రాశాడు. బీరువా తెరిచి, దుమ్ము దులిపి, ఆ పేజీ తీశాను. చేతివ్రాత నాదే. ఒక్క నిమిషం నేను బద్ధకించినందుకు ఒక మనిషి రెండేళ్ళు ఆగాడు. వాడు మాత్రం ఒక్కమాట అనలేదు. నేను నకలుతోపాటు, ఇద్దరూ ఒకరేనని, ఆ పేరు వ్రాసినవాణ్ణి నేనేనని ఉత్తరం వ్రాసి హెడ్‌మాస్టరుగారి చేత సంతకం చేయించాను. వాడు పాత పేరు, కొత్త పేరు రెండూ దాచకుండా ఉన్నదున్నట్లు వ్రాసి అర్జీ ముగించాడు. 2024లో ప్రమాణం చేశాడు. ఆ రోజు ఖురాన్ షరీఫ్ దగ్గర పెట్టుకున్నానని ఫోనులో చెప్పాడు.

అర్జీ ఆగిపోతే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకు చరిత్ర చెప్పింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి బర్మా వెళ్ళినవాళ్ళు ఎందరో. అక్కడ మనవాళ్ళకు "కోరంగీలు" అనే పేరే స్థిరపడింది. 1948లో ఆ దేశానికి స్వాతంత్ర్యం రాగానే పౌరసత్వ చట్టం వచ్చింది. కొందరు అర్జీ పెట్టుకోలేదు, కొందరు పెట్టినా తేలలేదు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు. తరాలుగా ఉన్నవాళ్ళు పరాయివాళ్ళయి కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. గల్ఫులో ఉన్న మన సోదరులకైతే ముప్ఫై ఏళ్ళున్నా మామూలుగా అలాంటి అర్జీకే దారి లేదు. దారి ఉన్నవాళ్ళు దాన్ని సగంలో వదిలేయటం న్యాయమేనా?

పౌరసత్వం తీసుకోమని గానీ, వద్దని గానీ నేను చెప్పటం లేదు. అది ఎవరి ఇష్టం వారిది. తీసుకోదలిస్తే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, నిజం వ్రాయండి, పూర్తిచేయండి. రెండో మాట తల్లిదండ్రులకు. పిల్లల్ని బడిలో వేసే రోజున ఇంటిపేరుతో సహా పేరు కాగితం మీద వ్రాసి తీసుకురండి. పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే ఒకసారి బడికొచ్చి సరిచూసుకోండి. మాస్టరు విసుక్కున్నా సరే, అడగండి.

నేనిప్పుడు విసుక్కోవటం లేదు. ఇంటిపేరు రెండుసార్లు అడిగి వ్రాస్తున్నాను.

ఖుదా హాఫిజ్.