పాత పాఠం - కొత్త యంత్రం



సూరత్ నగరంలోని వరాఛా ప్రాంతం వజ్రాలకు సానపట్టే పనికీ, ఎంబ్రాయిడరీ పనికీ పేరు పొందింది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి కుటుంబంలోని ఒక యువకుడు వరాఛాలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాల మరమ్మతు నేర్చుకోవాలనుకున్నాడనుకుందాం. అతని చేతికి వచ్చిన పుస్తకంలో వాల్వులు, జెర్మేనియం ట్రాన్సిస్టర్లు మాత్రమే ఉన్నాయి. దాన్ని చదవాలా, పక్కన పెట్టాలా? ఇదే ఈనాటి మన పాఠం.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. 1947లో బెల్ లేబొరేటరీస్‌లో తయారైన తొలి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసినదే. ఈనాడు దుకాణంలో దొరికేవి దాదాపు అన్నీ సిలికాన్‌వి. జెర్మేనియం ట్రాన్సిస్టర్ పనిచేయాలంటే బేస్, ఎమిటర్ల మధ్య సుమారు 0.3 వోల్టులు చాలు. సిలికాన్‌కు సుమారు 0.7 వోల్టులు కావాలి. 1.5 వోల్టుల బ్యాటరీ, 10 కిలో ఓముల నిరోధం ఉన్న పాత వలయంలో బేస్ ప్రవాహం 0.12 మిల్లీ ఆంపియర్లు. సిలికాన్ ట్రాన్సిస్టర్ పెడితే అది 0.08కి, అంటే మూడింట రెండు వంతులకు పడిపోతుంది. నిరోధాన్ని 6.8 కిలో ఓములకు మారిస్తే ప్రవాహం ఇంచుమించు మునుపటిలాగే ఉంటుంది. ఓమ్ నియమం పాతబడలేదు. మారింది ఒక్క అంకె మాత్రమే.

అయితే అన్ని మార్పులూ ఇంత తేలిక కాదు. పాత పుస్తకంలోని పవర్ సప్లైని గమనించండి. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును మొదట ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టులకు తగ్గిస్తుంది. తరువాత డయోడ్లు దాన్ని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి, కెపాసిటర్ హెచ్చుతగ్గులను సరిచేస్తుంది. కాబట్టి కెపాసిటర్ దగ్గర ఉండేది తక్కువ వోల్టేజి.

నేటి యంత్రాలలోని స్విచ్ మోడ్ పవర్ సప్లైలోనూ ఈ భాగాలే ఉంటాయి, కాని వరుస వేరు. మెయిన్స్ విద్యుత్తు ముందుగా నేరుగా డయోడ్లకు వెళుతుంది. కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. దాన్ని మాస్‌ఫెట్ సెకనుకు వేలాది సార్లు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పౌనఃపున్యం పెరగడం వల్లనే అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. స్విచ్ ఆపిన తరువాత కూడా ఆ కెపాసిటర్‌లో ఆవేశం మిగిలి ఉండవచ్చు. పాత వరుసను నమ్మి అక్కడ చేయి పెడితే ప్రాణాపాయం. తెలిసిన ఉపాధ్యాయుడు దగ్గర లేకుండా అలాంటి పెట్టెను తెరవకండి.

కనుక పాత పుస్తకాన్ని పారవేయవద్దు, కళ్ళు మూసుకుని నమ్మనూ వద్దు. ప్రతి భాగం పక్కన మూడు ప్రశ్నలు రాసుకోండి. ఇది చేసే పని ఏమిటి? ఈనాడు ఆ పనిని ఏది చేస్తోంది? దాని వోల్టేజి, కాళ్ళ అమరిక, వలయంలో స్థానం ఎలా మారాయి? మొదటి ప్రశ్నకు జవాబు పాత పుస్తకంలోనే దొరుకుతుంది. మిగిలిన రెండింటికీ తయారీదారు ఇచ్చే డేటాషీట్‌నూ, యంత్రం సర్క్యూట్ పటాన్నీ చూడాలి.

ఇంటి దగ్గర ఒక అభ్యాసం: పై లెక్కను 3 వోల్టుల బ్యాటరీతో మళ్ళీ చేయండి. బేస్ ప్రవాహం ఈసారి ఎంత శాతం తగ్గుతుందో, ఎందుకో ఆలోచించండి.