ఆర్.ఎన్.ఏ.కు లోహపు తోడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమును కంటికి రెప్పవలె కాపాడుకొనుచు వచ్చిన మీ యెదుట నాలుగు మాటలు చెప్పు అవకాశము లభించుట నా భాగ్యము.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినపుడు ఆర్.ఎన్.ఏ. అను మాట మన ఇండ్లలోనికి వచ్చినది. మన మారేడ్‌పల్లికి అట్టే దూరము కాని హబ్సిగూడ వైపున గల సి.సి.ఎం.బి. పరిశోధనాలయములో నాడు ఆ పరీక్షలు జరిగినవి. ఆ వ్యాధిబీజపు ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి వ్రాయు ఎంజైమునకు పరీక్షా ద్రావణములో కొంచెము మెగ్నీషియము ఉండి తీరవలెను. లేనిచో అది పని చేయదు. ఒక లోహమునకు జీవపదార్థముతో ఇంత పొత్తు ఎందులకు? నేటి నా ప్రసంగ విషయమదియే.

ఈ కథ భాస్వరముతో మొదలగును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఫిస్కే గారితో కలిసి, పదార్థములోని భాస్వరమును నీలిరంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆర్.ఎన్.ఏ. గొలుసులో ప్రతి పూసకును ప్రక్క పూసకును నడుమ ఈ భాస్వరమే ఫాస్ఫేటు రూపమున ముడిగా నున్నది. ప్రతి ముడియు ఋణవిద్యుత్తును ధరించి యుండును. సజాతి విద్యుత్తులు ఒకదానినొకటి నెట్టివేయునని మీరెరుగుదురు. కావున ఒంటరిగా విడిచినచో ఆ గొలుసు దగ్గరగా ముడుచుకొనలేదు.

దాయాదుల తగవు తీర్చుటకు నడుమ ఒక పెద్దమనిషి కూర్చుండవలెను గదా! ఇచట ఆ పెద్దమనిషి ధనవిద్యుత్తు గల లోహపు అయాను. పొటాషియము అయానుకు ఒక పాలు ధనవిద్యుత్తు ఉండగా మెగ్నీషియమునకు రెండు పాళ్లు గలవు. పైగా అది చిన్నది. అందుచేత దాని పలుకుబడి హెచ్చు.

లోహము కలిసికొను విధములు ముఖ్యముగా రెండు. మొదటి విధమున అయానులు ఏ ఒక్క చోటను నిలువక గొలుసు చుట్టును మబ్బువలె మూగి, దాని ఋణవిద్యుత్తును చల్లార్చును. రెండవ విధమున ఒక్కొక్క అయాను ఒక నియతస్థానమున ఆసీనమగును. మెగ్నీషియము నీటిలో ఆరు నీటి అణువుల పరివారముతో సంచరించును. తరచుగా ఆ పరివారమును విడువకయే నీటి ద్వారా ఆర్.ఎన్.ఏ.ను తాకును, కొన్ని చోట్ల మాత్రము ఒకటి రెండు నీటి అణువులను వదలి, ఫాస్ఫేటులోని ఆక్సిజనును నేరుగా పట్టుకొనును.

పేరులోనే మారేడును ధరించిన ఊరివారికి ఒక ఉదాహరణ చెప్పెదను. ప్రొటీను నిర్మాణమునకు ముడిసరకు మోసికొనివచ్చు ఆర్.ఎన్.ఏ. ఒకటి గలదు. 1965లో హోలీ గారు దాని పూసల వరుసను కనుగొనిరి. కాగితముపై గీసినచో అది మూడాకుల దళమువలె, అచ్చముగా మన మారేడు దళమువలె కన్పట్టును. కాని 1974లో అమెరికాలోను ఇంగ్లండులోను స్ఫటికములను పరిశీలించినవారు, ఆ దళము వాస్తవమున మడతపడి మోచేయి వంటి రూపము దాల్చియున్నదని చూపిరి. ఆ వంపులో మెగ్నీషియము అయానులు కూర్చుండి మడతను నిలుపుచున్నవి.

ప్రొటీనులను నిర్మించు కర్మాగారమైన రైబోసోమునకును ఇదియే గతి. మెగ్నీషియము మిక్కిలి తగ్గినచో అది రెండు ముక్కలుగా విడిపోవును. దాని సూక్ష్మనిర్మాణమును వెల్లడించినందులకే చిదంబరమున జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారికి మరి ఇరువురితో కలిపి 2009లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే, కాపాడు చేయియే కొట్టుటయు కలదు. వేడిమియు క్షారగుణమును హెచ్చినపుడు అదే మెగ్నీషియము గొలుసు తెగుటకు తోడ్పడును. సీసము మరింత చురుకైనది. ఇందాక చెప్పిన మారేడు దళమును ఒక నియతస్థానమున కత్తిరించును. ఆర్.ఎన్.ఏ. స్వభావముచేతనే తెగిపోవునది. కరోనాకు వచ్చిన ఆర్.ఎన్.ఏ. టీకాలలో ఒకదానిని మొదట సున్నకు దిగువ 70 డిగ్రీల చలిలో ఉంచవలసివచ్చుటకు ఈ అస్థిరతయే ముఖ్యకారణము. ఇట్టి టీకా మారుమూల పల్లెకు చేరవలెనన్నచో ఈ గొలుసును తెగకుండ నిలుపు ఉపాయము తెలియవలెను. లోహముల నడవడిని తెలిసికొనుట అందులో ఒక భాగము.

ఇది విని మెగ్నీషియము మాత్రలకై అంగడికి పరుగెత్తవలదని మనవి. ఆకుకూరలలో, పప్పులలో, గింజలలో అది సమృద్ధిగా నున్నది. ఎక్కువైనదానిని మూత్రపిండములు వెడలగొట్టును. ఆ మూత్రపిండములు దెబ్బతిన్నవారికి మాత్రలు హాని చేయగలవు. ఉప్పు తక్కువైనను కూర చెడును, ఎక్కువైనను చెడును. జీవకణము ఆ పాలు ఎరిగి నడచుకొనుచున్నది.

భీమవరపు బాలుడొకడు భాస్వరమును కొలుచు దారి చూపెను. ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద చదువుకొను పిల్లలలో రేపు ఎవరు ఏమి కొలుతురో ఎవరు చెప్పగలరు? వారికై ఈ తలుపులు సదా తెరచియుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.