వింతయు, దాని వెనుకటి నిజమును

నిఘంటువులో ఒక మాటకు అర్థము చూడబోయి, దాని ప్రక్కనున్న మాటను చూచి, ఆ మాట వెంట మరి నాలుగు పుటలు త్రిప్పి, తుదకు దేనికొరకు పుస్తకము తెరచితిమో దానినే మరచుట చదువరులందరకును అనుభవమే. పూర్వము ఈ విలాసము పెద్ద గ్రంథాలయములు చేరువలో నున్నవారికే దక్కెడిది. అంతర్జాలమున విజ్ఞాన సర్వస్వములు వెలసిన తరువాత ఇది ఇంటింటను నిత్యకృత్యమైనది. వ్యాసములో నీలిరంగున నున్న మాటను తాకినచో మరియొక వ్యాసము తెరచుకొనును. అందలి మాటను తాకినచో వేరొకటి. అన్నము చల్లారుచున్నదని వంటయింటినుండి మూడవ పిలుపు వచ్చువరకు మేము ఇట్లు తిరిగిన సాయంకాలములు పెక్కు గలవు. ఆనాడు దొరికిన వింతను ఇంటిల్లిపాదికిని చెప్పనిదే మాకు ముద్ద దిగదు. ఈ చెప్పుటలోని యానందమును గురించియు, అందలి బాధ్యతను గురించియు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ముందుగా మా మూటలోని వింతలు రెండు విప్పెదము.

ఆస్ట్రేలియా పశ్చిమ భాగమున, మొదటి ప్రపంచ యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వము భూములిచ్చి గోధుమ పండించుకొండనెను. 1932లో, ధరలు పడిపోయి రైతులు క్రుంగియున్న వేళ, సుమారు 20,000 ఈమూ పక్షులు ఆ పొలములమీద పడెను. ఈమూ యనగా నిప్పుకోడిని పోలిన, ఎగురలేని పెద్ద పక్షి. రైతుల మొర నాలకించి ప్రభుత్వము మేజర్ మెరెడిత్ అను సేనాధికారిని, రెండు మరతుపాకులను, 10,000 తూటాలను పంపెను. నవంబరులో కాల్పులు మొదలయ్యెను. పక్షులు చిన్న చిన్న గుంపులుగా చీలి పరుగు తీసెను. ఒకచోట తుపాకియే నడుమ మొరాయించెను. లారీమీద కట్టిన తుపాకి గతుకులలో గురి కుదరక వట్టిపోయెను. వారము తిరిగినదో లేదో సైనికులను వెనుకకు పిలిచిరి. మరల పంపి డిసెంబరువరకు నడిపిరి. లోకము దీనికి 'ఈమూ యుద్ధ'మని పరిహాసముగా పేరు పెట్టినది. సైన్యము పక్షులచేతిలో ఓడినదని చెప్పగానే పిల్లలు పకపక నవ్వుదురు.

రెండవది ఆఫ్రికా తూర్పు తీరమునకు చేరువనున్న జంజిబారు దీవి కథ. చరిత్రలోకెల్ల పొట్టి యుద్ధమని దీనికి ప్రసిద్ధి. 1896 ఆగస్టులో అక్కడి సుల్తాను మరణింపగా, ఆయన బంధువు ఖాలిద్ ఆంగ్లేయుల యనుమతి లేకయే గద్దె నెక్కెను. ఆగస్టు 27 ఉదయము 9 గంటలలోపల దిగిపొమ్మని వారు గడువు పెట్టిరి. ఆయన దిగలేదు. గడువు దాటగనే యుద్ధనౌకలు రాజసౌధముమీద గుండ్లు కురిపించెను. 38 నిమిషములలో ముగిసెనని కొందరును, 45 నిమిషములు పట్టెనని కొందరును లెక్కింతురు. ఇంటిల్లిపాదికిని దోసెలు పోసి ముగించులోపల ఒక యుద్ధము మొదలై ముగిసినదన్నమాట!

అయితే ఆ వ్యాసమునే మరి నాలుగు పంక్తులు క్రిందికి చదివినచో నవ్వు నిలిచిపోవును. ఆ కొద్దిసేపటిలో జంజిబారువారు సుమారు 500 మంది చనిపోయిరి, లేక గాయపడిరి. ఆంగ్లేయుల పక్షమున గాయపడినవాడు ఒక్క నావికుడు. నిమిషముల లెక్క చెప్పి మనుష్యుల లెక్క మానినచో మనము చెప్పినది అబద్ధము కాదుగాని, సగమే యగును. వింత అనునది వ్యాసమునకు గుమ్మము వంటిది. గుమ్మములో నిలిచి తొంగిచూచి, ఇల్లంతయు చూచితిమని చెప్పుట మనకందరకును అలవాటైనది.

తెలుగువారికి విజ్ఞాన సర్వస్వము క్రొత్త కాదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టిరి. పెక్కు వ్యాసములు తామే వ్రాసి, మూడు సంపుటములు వెలువరించి, ఇంకను తొలి యక్షరములలోనే యుండగా 1923లో కన్నుమూసిరి. ఆంగ్లమునందలి బ్రిటానికాకు సయితము 1768లో ఆరంభమైనపుడు ఇట్టి తంటాయే వచ్చినది. దాని మొదటి కూర్పు మూడు సంపుటములు. అందు మొదటి సంపుటమంతయు తొలి రెండక్షరములకే సరిపోయెను. తక్కిన ఇరువదినాలుగక్షరములను రెండు సంపుటములలో ఇమిడ్చిరి. ఎట్లున్నను ఆ పుస్తకములలోని ప్రతి వ్యాసమునకును ఒక పండితుడు పూచీపడెడివాడు.

2001 జనవరి 15న ఆరంభమైన వికీపీడియా ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు వెలసినది. జీతము నాశింపక ఎందరో తమ తీరిక వేళలను ధారపోసి దీనిని పెంచిరి. ఇంతటి జ్ఞానము ఇంత సులువుగా అందుట మానవచరిత్రలో మునుపు లేదు. కాని పలువురు వ్రాయు చోట ఒకడు వేళాకోళమునకు వ్రాయుటయు కలదు.

2008లో ఒక అమెరికా విద్యార్థి అట్లే చేసెను. దక్షిణ అమెరికా అడవులలో 'కోటీ' యను చిన్న జంతువు గలదు. ఆతడు ఆ వ్యాసమున, దీనికే 'బ్రెజిలు ఆర్డ్‌వార్క్' అని మరియొక పేరు కలదని సరదాకు చేర్చెను. ఆర్డ్‌వార్క్ యనునది ఆఫ్రికా జంతువు. కోటీకి దానితో ఏ చుట్టరికమును లేదు. ఎవరును దానిని తొలగింపలేదు. కొన్నేండ్లకు బ్రిటిషు పత్రికలు ఆ పేరును వాడెను. ఒక విశ్వవిద్యాలయము ప్రచురించిన గ్రంథమునను అది చోటుచేసికొనెను. పిమ్మట ఆ పత్రికలలోని వ్రాతనే ఆధారముగా వికీపీడియాలో చూపిరి. అనగా అబద్ధమునకు దాని సంతానమే సాక్ష్యము పలికినదన్నమాట. 2014లో గాని గుట్టు బయటపడలేదు.

అచ్చుపుస్తకములు మాత్రము నిప్పులు కడిగినవని తలపరాదు. 1975లో వెలువడిన న్యూ కొలంబియా విజ్ఞాన సర్వస్వమున లిలియన్ వర్జీనియా మౌంట్‌వీజల్ అను ఛాయాచిత్రకారిణి జీవితము కలదు. ఆమె 1973లో ఒక ప్రేలుడులో మరణించినదనియు, 'మండెడు పదార్థములు' అనునట్టి పేరుగల పత్రిక కొరకు పని చేయుచుండగా అది జరిగినదనియు అందున్నది. అట్టి స్త్రీ పుట్టనే లేదు. తమ గ్రంథమును దొంగిలించువారిని పట్టుటకు సంపాదకులు పన్నిన వల యని చెప్పుదురు. జర్మనీలో ఒక వైద్య నిఘంటువున, హాస్యకారుడు లోరియో కల్పించిన 'రాతిపేను' 1983లో చేరినది. అది రాళ్లను తిని బ్రదుకునట! 1994 కూర్పున దానిని తొలగింపగా పాఠకులు గోల చేసిరి. 1997లో మరల చేర్చిరి. అది పరిహాసమని ఎరిగి నవ్వుకొనువారికి హాని లేదు. ఎరుగక నమ్మినవారి సంగతియే చిక్కు.

ఇతరుల తప్పులు ఇంతవరకు చెప్పితిమి. ఇక మా తప్పు చెప్పుకొనెదము.

కొన్నేండ్ల క్రిందట మేము భోజనవేళ, "బుడగలలో నింపు హీలియము వాయువును కనుగొన్నది మన గుంటూరులోనే, తెలియునా?" అని మిక్కిలి గర్వముతో ప్రకటించితిమి. ఇంటివారందరును సంతోషించిరి. చుట్టములకును ఆ మాట చేరవేసితిమి. అప్పుడప్పుడే కళాశాలలో చేరిన మా మేనకోడలు ఆ రాత్రి తానును ఆ వ్యాసమును తెరచి, దానినుండి మరికొన్నింటికి పోయి, మరునాటి ఉదయమున కాఫీ వేళ మా యెదుట నిలిచినది.

"మామయ్యా, నిన్న మీరు చెప్పింది మొదటి పేరాలోది. కింద ఇంకా ఉంది, చదివారా?"

మేము చదువలేదు. ఆమె ముందుంచిన కథ ఇది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. చంద్రుని నీడ దక్కను మీదుగా వచ్చి గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సముద్రమునకు పోయినది. ఫ్రాన్సునుండి పియేర్ జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి వర్ణపటదర్శినితో సిద్ధముగా నుండెను. ఈ సాధనము కాంతిని రంగులుగా విడదీయును. ప్రతి మూలకమును మండునపుడు తనవైన గీతలను అందు చూపును. ఉప్పును మంటలో చల్లినచో కనబడు పసుపు వన్నె అందలి సోడియముది. గ్రహణవేళ సూర్యుని అంచున ఎగయు జ్వాలలలో జాన్సెన్ కాంతివంతమైన గీతలను చూచి, అవి మండెడు వాయువులనియు, అందు ముఖ్యము హైడ్రోజననియు గ్రహించెను. ఆ గీతలు ఎంత ప్రకాశముగా నుండెననగా, వీనిని చూచుటకు గ్రహణమే అక్కరలేదని ఆయనకు తోచెను. మరునాడు మామూలు ఎండలో చూచెను, కనబడెను! గుంటూరున జరిగిన అసలు మహాకార్యమిది. అంతవరకు సూర్యుని జ్వాలలను పరిశీలింపవలెనన్న ఏండ్ల తరబడి గ్రహణమునకై కాచియుండవలసి వచ్చెడిది. నాటినుండి ఆ నిరీక్షణ తప్పినది.

జాన్సెన్ సెప్టెంబరులో కాకినాడనుండి ఈ వార్తను పారిసునకు వ్రాసెను. ఆ జాబు ఓడలమీద పోవుచుండగా, ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనునాయన అక్టోబరు 20న తానును స్వతంత్రముగా అదే పద్ధతిని సాధించెను. ఇద్దరి వార్తలును ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు అక్టోబరు 26న, ఒక్కనాడే చేరెను. ముందెవరు, వెనుకెవరు అను తగవు లేకుండ 1872లో ఇద్దరి ముఖములును గల పతకమును ఫ్రెంచి ప్రభుత్వము పోయించినది.

మరి హీలియ మెక్కడ? సోడియము గీతలకు చేరువగ, కాని వానికి చెందక, ఒక పసుపు గీత యున్నది. అది వేరని నిర్ణయించి దానివెంట పడినవాడు లాకియర్. సూర్యునికి గ్రీకు నామమైన 'హీలియస్' నుండి ఆ మూలకమునకు పేరు వచ్చినది. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజమునుండి ఆ వాయువును రాబట్టువరకు అది భూమిమీద నున్నదని రుజువు కాలేదు. జాన్సెన్ జాబులో క్రొత్త మూలకమను మాటయే లేదు. చిత్రమేమనగా, అదే గ్రహణమును మచిలీపట్టణమునుండి చూచిన మదరాసు వేధశాలాధికారి నార్మన్ పాగ్సన్ ఒక పసుపు గీతను గమనించి, అది సోడియము గీత చోటనో, దానికి చేరువనో యున్నదని వ్రాసికొనెను. ఆయన నివేదిక మదరాసున అచ్చయి, అంతగా ఎవరి కంటను పడక మిగిలిపోయెను.

"మరి మచిలీపట్నం పేరు ఎవరూ చెప్పరేం, మామయ్యా?" అని మా మేనకోడలు అడిగినది. మా యొద్ద జవాబు లేకపోయెను.

ఆనాడు మాకు తెలిసినది ఒక్కటి. పరాయి దేశపు వింతను మనము కొంతయైనను శంకింతుము. మన యూరికి, మన వారికి కీర్తి తెచ్చు వింతను మాత్రము కన్నులు మూసికొని నమ్ముదుము. పరీక్ష మరింత అవసరమైన చోటనే మనము దానిని మానుదుము. గుంటూరున హీలియము దొరికినదన్న మాటను విడిచినంతమాత్రమున గుంటూరునకు లోటేమియు రాలేదు. సూర్యుని చూడ గ్రహణము అక్కరలేదని మానవుడు తెలిసికొన్న ఊరది. ఆ కీర్తి మేము చాటిన దానికంటె గొప్పది, పైగా నిజమైనది.

కావున శ్రోతలకు మా విన్నపము. వింతలను చెప్పుట మానవలదు. పిల్లలకు చదువుమీద మక్కువ కలుగుట ఇట్టి ముచ్చట్లతోనే గదా! అయితే చెప్పుటకు ముందు వ్యాసమును తుదివరకు చదువుడు. అందు చూపిన యాధారమును తెరచి, అది నిజముగా ఆ మాట చెప్పుచున్నదో లేదో చూడుడు. ఆ యాధారము తిరిగి ఈ వ్యాసమునుండియే పుట్టినది కాదుగదా యని ఆలోచింపుడు. పొరపాటున చెప్పినచో, ఎవరికి చెప్పితిరో వారికే దిద్ది చెప్పుడు. మేము చుట్టములందరకును మరల జాబులు పంపితిమి. ఒకరిద్దరు నవ్విరిగాని, తక్కినవారు పాగ్సన్ కథ ఇంకను చెప్పుమనిరి.

ఆ యాదివారము మేమును మా మేనకోడలును కలిసి ఆ గ్రహణపు నీడ వెంట తూర్పునకు పోయితిమి. సముద్రము దాటి సయాము దేశమున, ఆ గ్రహణమును ముందుగా తానే గణించిన మోంగ్‌కుట్ మహారాజు, పరివారముతో సముద్రతీరమునకు వెడలి దానిని చూచెననియు, అక్కడ సోకిన చలిజ్వరముతో అక్టోబరు 1న మరణించెననియు చదివితిమి. ఈమారు ఆ వ్యాసమును తుదివరకును చదివిన పిమ్మటనే లేచితిమి. అప్పటికి వంటయింటినుండి నాలుగవ పిలుపు వచ్చినది.