ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారాలి



కంప్యూటరంటే టైపింగ్ ఒక్కటే కాదు. ప్రోగ్రాం రాయడం కూడా మన ఘన్‌పూర్ పిల్లలు నేర్వాలని నా మనవి.

వజీఫాల రిజిస్టరు సంగతే తీసుకోండి. ఒక బీద పిల్లవాడి పేరు దరఖాస్తులో ఒక తీరుగా, జాబితాలో ఇంకో తీరుగా పడితే వాడి వజీఫా ఆగిపోవచ్చు. ఇందుకు మందు డేటా బైండింగ్. తెరమీది పట్టికలో ప్రతి గడినీ అసలు లెక్కకు ముడివేస్తారు. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారుతుంది. అయితే, మార్పు జరిగిందని ఆ లెక్క తెరకు కబురు పెట్టేలా ప్రోగ్రాం రాయాలి. అజాన్ వినపడందే జమాత్ కూడుతుందా? కొత్తవారు ముందుగా నేర్వవలసింది ఇదే.

మైక్రోసాఫ్ట్ వారు 2006లో డబ్ల్యూపీఎఫ్ తెచ్చారు. 2010లో అందులో డేటాగ్రిడ్ అనే పట్టికను చేర్చారు. ‘ఫ్లో డైరెక్షన్’ను కుడినుండి ఎడమకు అని పెడితే, నిలువు వరుసలు మన ఉర్దూ తీరున కుడివైపునుండే మొదలవుతాయి. కనుక ఉర్దూ మీడియం అని వెనుకాడనక్కరలేదు. ఇందుకు కావలసిన విజువల్ స్టూడియో కమ్యూనిటీ విద్యార్థులకు ఉచితం.

ఈ సెలవుల్లో పిల్లలచేత సొసైటీ రిజిస్టరునే కంప్యూటర్‌లో తయారు చేయిద్దాం. ఆడపిల్లలనూ కూర్చోబెడదాం. ఇల్మ్ అందరి హక్కు.

ఖుదా హాఫిజ్.